ఎడమ కన్ను

అవ్వ కర్మ రోజున నడవలో పెట్టిన పటం చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. తిరుత్తణిలో ఏదో స్టూడియోలో పెద్దది చేయించి, రంగులు దిద్దించి తెచ్చారు. ముడతలు తీసేశారు. జుట్టు నల్లగా చేశారు. అదంతా పోనీ అనుకోవచ్చు. రెండు కళ్ళూ ఒకే తీరుగా తళతళలాడేట్టు దిద్దారు. ఆ పటానికి చామంతి దండ వేసి, ముందర వడలూ పాయసమూ పెట్టి, వచ్చినవాళ్ళందరికీ మా పెద్దనాయన ఒకటే మాట చెబుతున్నాడు: "మా అమ్మ అన్నపూర్ణ. ఈ ఇంటికి వచ్చినోళ్ళని ఒక్కరిని కూడా ఆకలితో పంపలేదు."

నేను దగ్గరికి పోయి, "పెద్దనాయనా, అవ్వ కన్ను అట్లుండదు గదా" అన్నాను.

"ఏ కన్ను?" అన్నాడు.

ఎకసెక్కంగా కాదు. నిజంగానే అడిగాడు. తల్లికి ఒక కన్ను పోయిందని ఆయనకు తెలుసు. ఏ కన్నో తెలీదు. ఎంతోమంది పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి, తల్లికి పెద్ద కొడుకు, కన్ను పోయాక కూడా పది సంవత్సరాలు ఆ ముఖాన్ని చూస్తూ తిరిగి, ఏ కన్నో తెలీకుండానే కర్మ చేశాడు.

వడ్డించిన ఆకు ముందు కూర్చోకుండా నేను బస్సెక్కి తిరువళ్ళూరు వచ్చేశాను. చదువుకున్న పొగరు అని వెనక అనుకున్నారట. అనుకోనీ. వాళ్ళు చెప్పే అన్నపూర్ణ ఎవరో నాకు తెలీదు. నాకు తెలిసిన అవ్వ కోపిష్టి. ఆ కోపాన్ని కూడా ముడతలతో పాటు తుడిచేసి గోడకు తగిలిస్తామంటే ఒప్పుకోలేక ఇది రాస్తున్నాను.

కనకమ్మ సత్రంలో బస్సు దిగి, చెరుకు తోటల మధ్య బండిబాట పట్టి పోతే మా తాతవాళ్ళ ఊరు. డెబ్బైల చివరి సంవత్సరాల్లో మేము వారం తప్పకుండా అక్కడికి పోయేవాళ్ళం. శనివారం ఆఫీసు ఒంటిపూట అవగానే మా నాయన మమ్మల్ని బస్టాండుకు తీసుకుపోయేవాడు. తిరుత్తణిలో హైస్కూలు టీచరుగా ఉన్న పెద్దనాయన, శోళవరంలో రైసు మిల్లు చూసుకునే చిన్నాయన కూడా పెళ్ళాంబిడ్డలతో పొద్దు కుంకే లోపల దిగేవాళ్ళు. కొడుకులంటే అట్లుండల్ల అని ఊరంతా మా తాతను మెచ్చుకునేది. మెచ్చుకున్నవాళ్ళెవరూ మా వంటింట్లోకి తొంగి చూడలేదు.

కొడుకులు ముగ్గురూ వీధి అరుగు మీద పేకముక్కలు పరిచేవాళ్ళు. పిల్లలం పంపుసెట్టు తొట్టిలో పడి కళ్ళు ఎర్రబడేదాకా ఈదేవాళ్ళం. కోడళ్ళు కూరగాయలు తరిగి ఇచ్చి, పెరట్లో కూర్చుని తలలు దువ్వుకునేవాళ్ళు. పొయ్యి దగ్గరికి వాళ్ళు రాకూడదు. కోడళ్ళ చేతి వంట తాతకు పట్టదు. ఆ మాట ఆయన ఎప్పుడూ గట్టిగా అనలేదు. ఒకసారి మా అమ్మ పెట్టిన పులుసు ఒక ముద్ద తిని ఆకు మడిచి లేచాడంతే. ఆ తర్వాత పొయ్యి మొత్తం అవ్వ మెడకు పడింది. శనివారం సాయంత్రం మొదలుపెడితే ఆదివారం సాయంత్రం చివరి బస్సుకు మేము కదిలేదాకా ఆ పొగలోనే ఉండేది.

మనిషి పొట్టి. నుదుటి మీద పచ్చబొట్టు. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, ఎడమ చేతి వెనకవైపుతో కళ్ళు తుడుచుకుంటూ తిరిగేది. తిట్లు మాత్రం నేరుగా మనుషులకు తగలనిచ్చేది కాదు. వస్తువుల్ని తిట్టేది. వంకాయల బుట్ట ముందు కూర్చుని, "నిన్ను తినేదానికి ఊరంతా ఉండారు, కోసేదానికి ఎవురూ లేరు, నీ బతుకూ నా బతుకూ ఒకటేనే" అనేది. రాజుకోని పొయ్యితో, "ఏం, నీకు గూడా పేకాటకి పోవల్లనా?" అనేది. అరుగు మీదికి వినబడేట్టే అనేది. అరుగు మీద నవ్వులు లేచేవి. "అమ్మకి నోరు జాస్తి" అనేవాడు చిన్నాయన, ముక్కలు కలుపుతూ. ఆ ఇంట్లో అదొక వేడుక. అవ్వ తిట్టడం, అందరం నవ్వడం.

ఆమె కూర్చుని తినడం మేమెవరం చూడలేదు. అందరి తిండీ అయ్యాక, వడ్లకుండకు ఆనుకుని నిలబడి, గిన్నె అడుగున మిగిలిన దానిలో రెండు ముద్దలు కలుపుకునేది. అది కూడా ఎవరో మంచినీళ్ళు అడిగితే వదిలి వచ్చేది.

తాత వేరే రకం. ఆయన గొంతు పైకి లేవగా ఎవరూ వినలేదు. జేబులో పిప్పరమెంట్లు పెట్టుకుని తిరిగేవాడు. పిల్లలందరికీ ఆయనంటే ప్రాణం. ఎవరేం చెప్పినా "పోనీలే" అనేవాడు. అవ్వ పొయ్యి దగ్గర చెయ్యి కాల్చుకుని అరిస్తే, వాలుకుర్చీ లోంచి లేవకుండానే, "పోనీలే, రవంత వెన్న పూసుకో" అనేవాడు. ఎంత మెత్తటి మనిషి అని అందరూ అంటారు. నాకిప్పుడు ఆ మెత్తదనం తలుచుకుంటేనే కోపం వస్తుంది. ఆయన కుర్చీ లోంచి లేచిందెప్పుడు?

మేము గడపలో అడుగు పెట్టగానే అవ్వ ఒక్కొక్క బిడ్డను దగ్గరికి లాక్కుని, రెండు చెవులూ పట్టుకుని, తల నిమిరి, ఆ తర్వాతే పేరు పెట్టి పిలిచేది. చెవులు మెలేస్తుందని మగపిల్లలు తప్పించుకుని పరుగెత్తేవాళ్ళు. ఎంత ముద్దో అని పెద్దమ్మ మురిసిపోయేది.

ఆ మధ్యన అవ్వకు తలనొప్పులు మొదలయ్యాయి. ఎడమ కన్ను ఎర్రగా అయి నీళ్ళు కారేది. ఒక్కోసారి నొప్పికి వాంతులయ్యేవి. అయినా పొయ్యి ముందర నుంచి లేచేది కాదు. కొడుకులతో చెప్పింది. నేను విన్నాను, ఒకసారి కాదు. "నాయనా, కంటికి ఏదో పొర కమ్మినట్లుండాది, ఆస్పత్రికి తీసుకోని పోరా." పొగ వల్లలేమ్మా అన్నాడు పెద్దనాయన. మాడుకు ఆముదం అద్దుకో అన్నాడు మా నాయన. వచ్చే వారం చూద్దాం అన్నాడు చిన్నాయన. వచ్చే వారం వచ్చేది, పేకముక్కలు వచ్చేవి, వాళ్ళు పోయేటప్పుడు సంచుల నిండా వేరుశెనక్కాయలూ వంకాయలూ నెయ్యి సీసాలూ పోయేవి. కన్ను అక్కడే ఉండిపోయేది.

ఒక శనివారం సాయంత్రం జీపులో మైకు పెట్టుకుని చెప్పుకుంటూ పోయారు. మరుసటి రోజు తిరుత్తణిలో ఒక బడిలో కంటి క్యాంపు, డాక్టర్లు మద్రాసు నుంచి వస్తున్నారు అని అరవంలో చెప్పారు. అవ్వ గరిటె చేత్తోనే వీధి గడప దాకా వచ్చి చివరిదాకా విన్నది. తర్వాత అరుగు వైపు తిరిగి, ఈసారి ఏ వస్తువునూ అడ్డం పెట్టుకోకుండా అన్నది: "పెద్దోడా, రేపు నన్ను ఆడికి తీసుకోని పో."

"ఆదివారమామ్మా? ఇంటి నిండా జనం ఉండారు. నువ్వు పోతే వంట?" అన్నాడు పెద్దనాయన.

"ఇంకొక క్యాంపు రాకుండా పోతాదా" అన్నాడు చిన్నాయన.

మా నాయన చేతిలో ముక్కలు సర్దుకున్నాడు.

"పోనీలే, దసరా కానీ" అన్నాడు తాత.

అవ్వ లోపలికి పోయింది. ఆ సాయంత్రం వంకాయనూ తిట్టలేదు, పొయ్యినీ తిట్టలేదు. అది ఎవరూ గమనించలేదు.

తెల్లవారి నేను పెరట్లో పళ్ళు తోముకుంటుంటే అవ్వ వచ్చింది. తలంటుకుని, పండగ చీర కట్టుకుని ఉంది. నా చెవి పట్టుకుని తడిమి, "అమ్మణ్ణీ, నువ్వేనా? నీకు అరవం చదవను వస్తాది గదా, నడువు" అన్నది. వంటింట్లో పొయ్యి చల్లగా ఉంది. ఊడ్చి, బూడిద ఎత్తి, ముగ్గు కూడా వేసి వచ్చింది. మా అమ్మ ఒక్కతే చూసింది. నాకు చెప్పులు అందించింది.

బండిబాటలో నడుస్తుంటే అవ్వ నా భుజం వదల్లేదు. చిన్న రాయికి తట్టుకుంది, గుంటలో కాలు పెట్టింది. ఎదురుగా వస్తున్న ఎద్దులబండిని నేను లాగితే తప్ప తప్పుకోలేదు. నాకు అప్పటికి పన్నెండేళ్ళు. భయమేసింది.

"అవ్వా, నీకు నేను కనపడతా ఉండానా?"

"నీడ మాదిరి కనపడతావు."

"మరి ఇంట్లో మమ్మల్నందర్నీ పేరు పెట్టి పిలుస్తావే?"

"నీకు కమ్మలు చిన్నవి. పెద్దోని కూతురికి చెవితమ్మెలు దళసరి. చిన్నోని కొడుక్కి తల మీద రెండు సుడులు. ఏం, మొగమే చూడల్లనా?"

ఇదీ ఆ ముద్దు. ఆమె మమ్మల్ని ముద్దు చేయడం లేదు, ఎవరెవరో కనుక్కుంటోంది. అంతమందిమి వారం వారం వచ్చి ఆ చేతుల కింద తలలు పెట్టాం. పెద్దవాళ్ళు పక్కన నిలబడి చూశారు. ఒక్కరికి కూడా అనుమానం రాలేదు.

తిరుత్తణి బడిలో వరస గేటు దాకా ఉంది. ముసలివాళ్ళందరి పక్కనా ఒక కొడుకో అల్లుడో నిలబడి ఉన్నాడు. అవ్వ పక్కన నేను. ఎండ మీదికి వచ్చేసరికి మమ్మల్ని లోపలికి పిలిచారు. డాక్టరు వయసులో చిన్నవాడు. టార్చి వేసి కుడి కన్ను చూశాడు, ఎడమ కన్ను చూశాడు, మళ్ళీ ఎడమ కన్నే చూశాడు. టార్చి ఆర్పేసి, "ఇవ్వళవు నాళా ఎన్న పణ్ణీంగ పాట్టీ?" అని కసిరాడు. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావు అవ్వా అని.

"సమైచ్చిక్కిట్టు ఇరుందేన్" అన్నది అవ్వ. వండుతా ఉన్నాను అని.

పక్కన నర్సు నవ్వింది. డాక్టరు నవ్వలేదు. పిల్లలు లేరా అని అడిగాడు. ముగ్గురు మగబిడ్డలున్నారు, ఆదివారం ఆదివారం వస్తారు అని చెప్పింది. ఆయన ఇంక ఆమెను ఏమీ అడగకుండా నాకు చెప్పాడు. రెండు కళ్ళలోనూ పొర ముదిరిపోయింది. ఎడమ కంట్లో నీరు ఎక్కి నరం చచ్చిపోయింది, దానికి ఇక చూపు రాదు. మొదట్లోనే తెచ్చి ఉంటే చిన్న ఆపరేషన్‌తో నిలిచేది. కుడి కన్ను వెంటనే ఆపరేషన్ చేస్తే మిగులుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పు అన్నాడు. ఆ ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరో నాకు ఆ క్షణాన అర్థం కాలేదు.

బస్సులో అవ్వ ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. ముందు సీటు కమ్మీని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. కండక్టరు, "పాట్టీ, సత్రం వచ్చింది, దిగు" అని అరిస్తే, "నాకు చెవులుండాయి, కండ్లే లేవు" అని అంతకంటే గట్టిగా అరిచింది.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అమ్మా పిన్నమ్మా ఏదో ఉప్మా చేసి పిల్లలకు పెట్టారు. మగవాళ్ళు అరుగు మీద మాడు ముఖాలతో కూర్చుని ఉన్నారు. పెద్దనాయన లేచి, "ఏమ్మా ఇది? చెప్పాపెట్టకుండా యాడికి పోయినావు? పిల్లోళ్ళు ఆకలికి అల్లాడిపోయినారు" అన్నాడు.

అవ్వ నా వీపు మీద చెయ్యి వేసి ముందుకు నెట్టింది. "చెప్పు. డాక్టరు చెప్పింది చెప్పినట్లే చెప్పు."

చెప్పాను. మా నాయనే మొదట తేరుకున్నాడు. "ఇంత ముదిరేదాకా మాకు చెప్పొద్దామ్మా?" అన్నాడు.

ఆ మాటతో అవ్వ భగ్గుమంది. నేనెన్నడూ వినని గొంతు అది. నిలబడిన చోటునే నిలబడి, మాట ఒక్కటి కూడా తడబడకుండా అన్నది:

"చెప్పలేదా? నేను చెప్పలేదా? ఆముదం పెట్టుకోమని చెప్పింది ఎవురురా? పొగ అని చెప్పింది ఎవురు? ఆడికృత్తికకి కావడి మోసేదానికి ముగ్గురూ లీవు పెట్టినారే, తిరుత్తణి కొండ మెట్లన్నీ ఎక్కినారే, నాకు ఒక్క పూట దొరకలేదా మీకు? నేను ఈ పొయ్యిలో గుడ్డిదాన్ని అయిపోతా ఉంటే, మీరు ఆ అరుగు మీద కూసోని రాజూ రాణీ చూసుకుంటా ఉండారు గదరా! మీ కండ్లు బాగుండాయిలే. ఏం చూసినారు ఆ కండ్లతో?"

తాత వాలుకుర్చీ లోంచి మెల్లగా, "పోనీలేవే, ఆ సామి దయ, ఒక కన్నన్నా మిగిలింది" అన్నాడు.

అవ్వ ఆయన వైపు తిరిగింది. "ఏమయ్యా, నీ కన్ను పోనీలే అనుకో. నీది పోనిచ్చి చూపీ. నాది ఎందుకు పోనియ్యల్ల?"

ఆ ఇంట్లో తాత మాటకు ఎదురుమాట రావడం అదే మొదలు. పిల్లల్లో ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. ఆ రోజు అవ్వ తిట్లకు నవ్వు రాలేదు ఎవరికీ.

తర్వాతైనా మారారా? ఆపరేషన్‌కు మద్రాసు తీసుకుపోతామని క్యాంపువాళ్ళు బస్సు పంపితే, తోడు ఎవరు పోవాలనే దగ్గర ముగ్గురు కొడుకులకూ పనులు పడ్డాయి. పరీక్షలన్నాడు ఒకడు, మిల్లులో మోటారు చెడిపోయిందన్నాడు ఒకడు. మా నాయనకు లీవు లేదు. మా అమ్మ రెండు చీరలు సంచిలో పెట్టుకుని, ఎవరినీ అడక్కుండా బస్సెక్కింది. పెళ్ళయినప్పటి నుంచీ నాయన మాట దాటని అమ్మ, ఆ రోజు మాత్రం మా అన్నం సంగతి కూడా ఎవరికీ అప్పగించకుండా పోయింది.

కుడి కన్ను మిగిలింది. లావు అద్దాలు పెట్టుకుని అవ్వ ఊరికి తిరిగి వచ్చిన వారం అందరం పోయాం. ఈసారి ఎవరి చెవులూ పట్టుకోలేదు. ఒక్కొక్కరినీ వెలుతురులోకి నిలబెట్టి చూసింది. "పెద్దోడా, మీసం నెరిసిపోయిందే నీకు" అన్నది. నన్ను చూసి, "నువ్వు మీ అమ్మ పోలిక, మంచిదే" అన్నది. తర్వాత గోడ వారగా వరసగా పెట్టిన ఖాళీ సంచుల్ని చూసింది. చాలాసేపు చూసింది.

"ఇవి మీ ఊర్ల నుంచి ఖాళీగానే వస్తాయా ఎప్పుడూ?" అని అడిగింది. "నాకు ఇన్నాళ్ళూ తెలీలేదు. కనపడలేదు గదా."

ఆ సాయంత్రం సంచులు వచ్చినట్టే పోయాయి. ఆదివారం నేను పొయ్యి ముట్టను, తినేవాళ్ళు వండుకుని తెచ్చుకోండి అని కూడా చెప్పేసింది. రెండు మూడు వారాలు కోడళ్ళు వండారు. తాత మారు మాట్లాడకుండా తిన్నాడు. పట్టదనుకున్నది బాగానే పట్టింది. తర్వాత చిన్నాయన రావడం తగ్గించాడు. పెద్దనాయన నెలకొకసారి అన్నాడు, ఆ తర్వాత పండగకన్నాడు. మా నాయన ఇంట్లో కూర్చుని, అమ్మ మారిపోయింది, కన్ను వచ్చి మనసు పోయింది అని బాధపడేవాడు. ఆ మాట గొప్పగా ఉందనుకునేవాడు కూడా. నాకు కంచం విసిరి కొట్టాలనిపించేది.

నేనూ అమ్మా పోవడం మానలేదు. నేను కాలేజీకి వచ్చాక ఒంటరిగానే పోయేదాన్ని. ఒకసారి నాయన నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, అవ్వతో చెప్పు, జరిగిందేదో జరిగింది, మనసులో పెట్టుకోవద్దని చెప్పు అని పంపాడు. నేను గడపలో అడుగు పెట్టి, "అవ్వా, నాయన ఏం చెప్పమన్నాడంటే" అని మొదలుపెట్టాను.

అవ్వ అద్దాలు సర్దుకుని నన్ను చూసింది. "నువ్వు వాళ్ళ మాట మోసుకోని వచ్చినావా, నన్ను చూసేదానికి వచ్చినావా? వాళ్ళ మాటయితే సత్రంలో బస్సు ఉండాది, ఇట్లే పో."

"నిన్ను చూసేదానికే."

"అట్లయితే కూసో."

రెండు కంచాలు పెట్టింది. నా ఎదురుగా కాళ్ళు చాపుకుని కూర్చుని వేడి వేడి సంగటి తిన్నది. నెమ్మదిగా, ఎవరికీ లేచి నీళ్ళివ్వకుండా తిన్నది. వాలుకుర్చీలో తాత దాహం దాహం అని రెండుసార్లు అన్నాడు. "కుండ ఆన్నే ఉండాది, కాళ్ళు బాగానే ఉండాయి గదా" అన్నది, చెయ్యి ఆపకుండా. ఆయన లేచాడు. నేను చూశాను, ఆయన లేచి నీళ్ళు ముంచుకున్నాడు.

ఎనభైల చివర్లో తాత పోయాడు. ఆ మరుసటి వేసవికి అవ్వ మంచం పట్టింది. కబురు తెలిసి అందరూ దిగారు. చాలా ఏళ్ళ తర్వాత ఆ అరుగు మళ్ళీ నిండింది. లోపల, నడవలో, అవ్వను గోడ వారగా పడుకోబెట్టారు. కొడుకులు ముగ్గురూ ఆమె ఎడమ పక్కన కింద కూర్చున్నారు. నేను కుడి వైపు, గోడకూ మంచానికీ మధ్య ఇరుక్కుని కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాను. అద్దాలు నేనే పెట్టాను. మనిషికి తెలివి బాగానే ఉంది.

"అమ్మా" అని పెద్దనాయన ఏడ్చాడు. "అమ్మా, ఏదన్నా తప్పుంటే మనసులో పెట్టుకోవద్దమ్మా. ఒక్కసారి మమ్మల్ని చూడమ్మా. మాట్లాడమ్మా."

అవ్వ విన్నది. నా వేళ్ళు గట్టిగా బిగించింది. తర్వాత తలను మెల్లగా, ఎంతో కష్టపడి, గోడ వైపు, నా వైపు తిప్పుకుంది. లావు అద్దం వెనక నుంచి ఆమె కుడి కన్ను నన్ను చూస్తోంది. అందులో ఒక్క నీటి చుక్క లేదు. అంత స్పష్టంగా నన్ను ఇంకెవరూ ఎప్పుడూ చూడలేదు.

అవతలి వైపు ఆమె ఎడమ కన్ను తెరుచుకునే ఉంది. పెద్దనాయన దాని మీదికి వంగి, తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ, వెనక నిలబడిన వాళ్ళందరితో అన్నాడు:

"చూడండి, అమ్మ నన్నే చూస్తా ఉండాది."